అభ్యంతరం

పదిహేడో మానిటరు దగ్గరికి వచ్చేసరికి కోమల చేతిలోని గుడ్డ నల్లబడిపోయింది. దాన్ని తిరగేసి మడిచి, స్పిరిట్ సీసా వంచి రెండు చుక్కలు పోసుకుని, తెర మీది వేలిముద్రల్ని పై నుంచి కిందికి తుడవసాగింది. మొత్తం ఇరవై నాలుగు మానిటర్లు. వాటి ముందున్న కీబోర్డుల్ని బోర్లించి దులిపితే బిస్కెట్ పొడీ, పెన్సిల్ పొట్టూ, ఒక్కోసారి ఎవరిదో పాలపన్నూ రాలుతుంది. మొదటి గంట కొట్టే లోపల ఈ పని అయిపోవాలి. కిటికీ బయట జూలై వాన. కోని ఊరికి వెళ్లే రోడ్డు మీద బురద చిమ్ముకుంటూ స్కూలు బస్సులు ఒక్కొక్కటే గేటులోకి తిరుగుతున్నాయి.

తుడుస్తున్నంతసేపూ ఆమె పెదాలు చప్పుడు లేకుండా కదులుతూనే ఉన్నాయి. సోయ్, ఎరెస్, ఎస్. ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా. స్పానిష్‌లో ‘ఉండు’ అనడానికి రెండు క్రియలున్నాయి. సేర్ అని ఒకటి, ఎస్తార్ అని ఇంకొకటి. మనిషి ఏమిటో చెప్పడానికి మొదటిది, ఎలా ఉన్నాడో చెప్పడానికి రెండోది. ఎనిమిదో తరగతికి ఆ పాఠం నిన్న సగంలో ఆగింది. మిగతా సగం ఇవాళ రెండో పీరియడ్‌లో చెప్పాలి.

ముప్పై తొమ్మిదేళ్ల మనిషి కోమల. సన్నగా, కాస్త ముందుకు వంగినట్టు ఉంటుంది. పుట్టుకతో వచ్చిన వంపో, టేబుళ్ల కింద దూరి తీగలు సర్దీ సర్దీ నడుమే అలా అయిపోయిందో చెప్పలేం. పాపిట పక్కన చారెడు తెల్ల వెంట్రుకలు. కళ్లజోడు కాడ ఒకటి విరిగితే కరెంటు టేపు చుట్టింది. ఆ స్కూల్లో టీచర్లకి నీలం అంచు ఉన్న మీగడ రంగు చీరలు, ఆయాలకీ అటెండర్లకీ బూడిదరంగు చీరలు. దూరం నుంచి చూసి కూడా ఎవరెవరో తెలిసిపోవాలని పెట్టిన ఏర్పాటు అది. ఆరేళ్లుగా కోమల ఆ బూడిదరంగు చీరలోనే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి స్పానిష్ చెబుతోంది.

ఆ చెప్పడం ఆమె కోరుకుని మొదలుపెట్టింది కాదు. ఎనిమిదేళ్ల కిందట స్కూలువాళ్లు ‘మీ పిల్లలకు విదేశీ భాష’ అని ఊళ్లోని గోల్ బజార్ నుంచి పక్కనున్న తఖత్‌పూర్ దాకా ఫ్లెక్సీలు కట్టారు. చెప్పడానికి ఝాన్సీ అనే ఆవిడ దొరికింది. వరంగల్ మనిషి, బొగ్గు కంపెనీ ఆఫీసరు భార్య, హైదరాబాదులో స్పానిష్ చదువుకున్నది. పాఠాలు కంప్యూటర్ ల్యాబులో జరిగేవి. ప్రొజెక్టరు వెయ్యడం, స్పీకర్లు తగిలించడం, గంట కాగానే అన్నీ ఆపెయ్యడం ల్యాబ్ అటెండరుగా కోమల పని. మధ్యలో ఉన్న నలభై నిమిషాలూ ఆమె వెనక వరసలో స్టూలు మీద కూర్చుని వినేది. వినొద్దని ఎవరూ అనలేదు కాబట్టి వినేది.

ఒకరోజు క్లాసు అయ్యాక ఝాన్సీ ఆమె ముందుకొచ్చి నిలబడింది. “పిల్లలకంటె ముందు నీ పెదవులు కదుల్తున్నయ్. నిన్న చెప్పిన పది మాటలు చెప్పు చూద్దాం.”

కోమల పదకొండు చెప్పింది.

“నీకు ఒస్తున్నది గదనే!” అని ఝాన్సీ ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం వేళ ఇద్దరూ ల్యాబులోనే కూర్చునేవారు. ఒకరి డబ్బాలో సర్వపిండి, ఇంకొకరి డబ్బాలో ఎండురొయ్యల కూర, మధ్యలో పుస్తకం.

రెండేళ్లకి ఝాన్సీ భర్తకి నాగపూర్ బదిలీ అయింది. చదువుల ఏడాది సగంలో ఉంది. ప్రిన్సిపాల్ తివారీ కోమలని పిలిచి, “వీడియోలున్నాయి కదా కోమలాజీ, కొత్త టీచరు వచ్చేదాకా మీరు నడిపించెయ్యండి” అన్నాడు. కొత్త టీచరు రాలేదు. ఎవరూ వెతకనూ లేదు. మొదటి నెలంతా వీడియోలు నడిచాయి. రెండో నెలలో పిల్లలు ప్రశ్నలు అడగసాగారు, వీడియోలు జవాబు చెప్పవు కదా. కోమల చెప్పింది. టైంటేబుల్లో ‘స్పానిష్’ అని రాసిన గడి పక్కన టీచరు పేరుండాల్సిన చోట ఒక చిన్న గీత ఉండేది. ఆ గీత కోమల.

“సర్టిఫికెట్ లేకుంటె నువ్వెంత చెప్పినా నిన్ను టీచరనరు. బీఏ కట్టు” అని నాగపూర్ నుంచి ఝాన్సీ ఫోన్లో పోరింది. కోమల దూరవిద్యలో బీఏ స్పానిష్ కట్టింది. మూడేళ్ల చదువు ఐదేళ్లు పట్టింది. రాసి రాసి అయిపోయిన పెన్ను రీఫిళ్లు ఒక్కటీ పారెయ్యకుండా దాచుకుంది. పరీక్షా కేంద్రం నాగపూర్. ఒక ఏడాది బండి నాలుగు గంటలు లేటై, హాలు తలుపు మూసేశాక చేరింది. ఆ పేపరు కోసం మళ్లీ ఏడాది. ఇంకో ఏడాది స్కూలు వార్షికోత్సవానికి మైకులు చూసుకోవాలని సెలవివ్వలేదు. మాట్లాడే పరీక్ష కోసం ‘ర’కారాన్ని నాలుక మీద దొర్లించడం నేర్చుకుంటూ, కూరలు తరుగుతూ ఇంట్లో అదే పనిగా ర్ర్ర్ అంటుంటే, తల్లి అసిరమ్మ కంగారుపడి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. “ఏటే గుంటా, గొంతుకులో ముల్లేటైనా ఇరుక్కుందేటి?”

ముల్లు దిగింది. మూడు వారాల కిందట డిగ్రీ పట్టా వచ్చింది. దాని నకలు పట్టుకెళ్లి ఇస్తే తివారీ, “అరే వాహ్, మిఠాయి ఏదీ?” అని సొరుగులో పెట్టాడు. మర్నాడు కోమల మిఠాయి కూడా తీసుకెళ్లింది. ఆఫీసు గదిలో అందరూ తిన్నారు. పట్టా సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఇరవై నాలుగో మానిటరు తుడవడం పూర్తవుతుండగా తివారీ లోపలికొచ్చాడు. ఆయన వెనకాలే స్కూలు యజమాని కోడలు శ్వేత. ఒంటి మీద మడత నలగని మీగడ రంగు చీర, నీలం అంచు. కోమల గుడ్డ కిందపెట్టి, చేతులు తుడుచుకుని నమస్కారం పెట్టింది.

“ఇవాళ బోర్డు వాళ్ల తనిఖీ అని తెలుసు కదా” అన్నాడు తివారీ హిందీలో. “రెండో పీరియడ్ శ్వేతా మేడమ్ తీసుకుంటారు. మీరు వెనకాల ఉండి ప్రొజెక్టరు ఆగకుండా చూసుకోండి.”

“ఎస్తార్ పాఠం సగంలో ఉంది సార్.”

“మీ నోట్సు ఇచ్చెయ్యండి. మేడమ్ ఒకసారి చూసుకుని చెప్పేస్తారు.”

కోమల ఇచ్చింది. అలవాటు మనిషిని ఎంత లొంగదీసుకుంటుందంటే, చెయ్యి దానంతటదే పుస్తకం అందించేసింది, కోపం ఆ తర్వాత వచ్చింది. తివారీ వెళ్లాక శ్వేత నోట్సు తిరగేస్తూ, “దీదీ, ఈ మాట ఎలా పలకాలి?” అని అడిగింది. చెడ్డ పిల్ల కాదు. పెళ్లయిన కొత్తలో రెండు వారాలు స్పెయిన్ వెళ్లొచ్చింది, ఫోనులో మూడు నెలల కోర్సు చేసింది, మామగారు చెప్పారు కాబట్టి ఇవాళ ఈ చీర కట్టుకుంది. కోమల పలికి చూపించింది. శ్వేత రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి వదిలేసింది.

రెండో పీరియడ్‌లో పిల్లలు వచ్చి కూర్చున్నారు. బోర్డు ముందు కొత్త మనిషినీ, గోడ పక్కన కోమలనీ మార్చి మార్చి చూశారు. పది నిమిషాలకి తనిఖీ బృందం వచ్చింది. ముగ్గురు. వాళ్లలో పెద్దావిడ రాయ్‌పూర్ నుంచి వచ్చింది. జుట్టంతా నెరిసి, మెళ్లో కళ్లద్దాల గొలుసు. వెనక బల్ల మీద కూర్చుని, “మీరు కానివ్వండి” అంది.

శ్వేత నోట్సులో ఉన్నది ఉన్నట్టు చదివింది. మధ్యలో ఆగి, పిల్లల్ని ఏమైనా సందేహాలున్నాయా అని అడిగింది. అడగకుండా ఉండాల్సింది. తఖత్‌పూర్ నుంచి బస్సులో వచ్చే పూర్ణిమా సాహు లేచి నిలబడింది. వాళ్ల తాతయ్య పోయాడని వారం రోజులు బడికి రాని పిల్ల.

“మేడమ్, ఎప్పుడూ ఉండేదానికి సేర్, కొన్నాళ్లుండేదానికి ఎస్తార్ అన్నారు కదా. మరి చనిపోయాడు అనడానికి పుస్తకంలో ఎస్తా ముయెర్తో అని ఎస్తార్ ఉందేమిటి? చనిపోవడం కొన్నాళ్లు కాదు కదా.”

శ్వేత నోట్సు ఒక పేజీ ముందుకీ ఒక పేజీ వెనక్కీ తిప్పింది. ముఖం ఎర్రబడింది. తలుపు దగ్గర తివారీ దగ్గాడు. పూర్ణిమ నిలబడే ఉంది. ఆ పిల్ల కళ్లు శ్వేత మీద లేవు, గోడ పక్కనున్న బూడిదరంగు చీర మీదున్నాయి. ఒక్కొక్కరే మిగతా పిల్లలూ అటే తిరిగారు.

నోరు మూసుకుని నిలబడితే చాలు. ఆ సంగతి కోమలకి ఆ క్షణంలోనే తెలుసు. ఇంకో అర నిమిషం మౌనంగా ఉంటే చాలు, ఆ మీగడ రంగు చీర ఎవరికి తగునో ముగ్గురు అధికారుల ముందు తేలిపోతుంది. కానీ పిల్ల అడిగింది. వారం కిందట తాతయ్యని కాటికి పంపిన పిల్ల అడిగి నిలబడింది.

“కొన్నాళ్లుండేది అనుకోవద్దు పూర్ణిమా” అంది కోమల గోడ దగ్గర నుంచే. “ఏదో ఒకటి జరిగి, దానివల్ల వచ్చిన స్థితికి ఎస్తార్. తలుపు తెరిచి ఉంది. గ్లాసు పగిలి ఉంది. మనిషి చనిపోయి ఉన్నాడు. పగిలిన గ్లాసు మళ్లీ అతుక్కోకపోయినా ఎస్తారే. ఎంతకాలం అన్నది లెక్క కాదు, జరిగింది కాబట్టి అలా ఉంది, అంతే. ఆ మనిషి ఎవరు, ఏం మనిషి అని చెప్పాలంటే అప్పుడు సేర్.”

పూర్ణిమ తలూపి, కూర్చుని రాసుకుంది. పెద్దావిడ కళ్లద్దాలు తీసి కోమలని చూసింది. “ఈవిడెవరు?”

కోమల నోరు తెరిచేలోపు తివారీ రెండంగల్లో లోపలికొచ్చేశాడు. “మా ల్యాబ్ అటెండర్ మేడమ్! చూశారా, మా స్కూలు వాతావరణమే అలాంటిది. అటెండర్లకి కూడా స్పానిష్ వచ్చేస్తుంది!”

ముగ్గురూ నవ్వారు. శ్వేత కూడా బతికిపోయానన్నట్టు నవ్వింది. పెద్దావిడ, “బహుత్ అచ్ఛా” అని చేతిలోని కాగితం మీద ఏదో రాసుకుంది. బృందం పక్క గదికి సాగిపోయింది.

కోమల అలాగే నిలబడిపోయింది. చెవుల్లోంచి వేడి బయటికి వస్తున్నట్టుంది. తన ఐదేళ్ల చదువు ఈ గోడల గాలి పీల్చితే వచ్చేసిందట! ర్ర్ర్ అంటూ కూరలు తరిగిన సాయంత్రాలు, నాగపూర్ ప్లాట్‌ఫాం మీద బ్యాగు తలకింద పెట్టుకుని పడుకున్న మధ్యాహ్నాలు, మూసిన పరీక్షహాలు తలుపు, అన్నీ ఈ స్కూలు గొప్పతనమట! పోనీ అవమానించి బయటికి పొమ్మన్నా ఇంత మండేది కాదు. తన నోట వచ్చిన మాటనే తీసుకుని తన నెత్తిన ముద్ర కొట్టారు. ఆ ముద్రకి సిరా తనే అందించింది.

మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా సత్యనారాయణ ల్యాబుకి వచ్చాడు. ఆయనా కోమల వాళ్లలాగే రైల్వే కాలనీలోని తెలుగు మనిషే. కోమల తండ్రి అప్పారావుతో కలిసి ఆడుకున్నవాడు. చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

“సంతకం పెట్టీయమ్మా కోమలా. స్టాఫు వివరాలు. సార్ తొందర పెడతన్నారు.”

కోమల చదివింది. పేరు సరిగానే ఉంది. హోదా: ల్యాబ్ అటెండర్. విద్యార్హత: పన్నెండో తరగతి. బోధన బాధ్యతలు: ఏవీ లేవు. అడుగున, పై వివరాలన్నీ నిజమని నేను ధ్రువీకరిస్తున్నాను.

“బాబాయ్, నా డిగ్రీ నకలు సొరుగులో ఉంది కదా. మీరు మిఠాయి కూడా తిన్నారు.”

సత్యనారాయణ మెడ వెనక గోక్కున్నాడు. “నాకు తెలీదేటమ్మా? భాష టీచరుకి ఆ భాషలో చదువుండాలని బోర్డోలు కొత్తగా రూలెట్టినారు. ఉన్నది ఒక్క పోస్టు. అందులో కోడలుగారి పేరెక్కించీసినారు. నీ డిగ్రీ కాగితం మీదికొస్తే, చదువున్న నువ్వుండగా ఆవిడెందుకని అడుగుతారు కదా. ఒక్క సంతకమే కదమ్మా.”

ఒక్క సంతకం.

కోమలకి ఇరవయ్యో ఏట అప్పారావు పోయాడు. వ్యాగన్ డిపోలో ఫిట్టరు. డ్యూటీలో ఉండగానే, బోగీ కింద పనిచేస్తూ చేస్తూ గుండె ఆగిపోయింది. ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. కోమల అప్పటికి ఇంటరు పాసై ఉంది. తమ్ముడు రమణబాబుకి పదిహేడేళ్లు, పదో తరగతి రెండోసారి రాస్తున్నాడు. పద్దెనిమిది నిండాలి, పది పాసవ్వాలి. ఇంటిల్లిపాదీ వాడి కోసం ఏడాదిన్నర ఆగారు. అర్హత ఉన్నదాన్ని ఇంట్లో పెట్టుకుని లేనివాడి కోసం ఆగారు. ఆడపిల్లకిస్తే ఉద్యోగం అత్తారింటికి పోతుందన్నాడు మావయ్య. తమ్ముడికి ఉద్యోగం ఇవ్వడానికి నాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు అని కాగితం మీద టైపు కొట్టించి తెచ్చారు. అసిరమ్మ కూతురి పక్కన కూర్చుని, వేలు పెట్టి చోటు చూపించింది. కోమల పెట్టింది. పెళ్లీ కుదరలేదు, అత్తారిల్లూ రాలేదు. తమ్ముడికొచ్చిన క్వార్టరులోనే, వంటగది పక్కన మంచం వేసుకుని పదిహేడేళ్లు గడిచిపోయాయి. రమణబాబు మంచివాడే. ఒక్కనాడూ మాటనలేదు. అనాల్సిన అవసరం వాడికేముంది?

కోమల పెన్ను తీసింది. సత్యనారాయణ ఊపిరి వదిలాడు. ఆమె ‘పన్నెండో తరగతి’ మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ‘బీఏ, స్పానిష్’ అని రాసింది. ‘ఏవీ లేవు’ని కొట్టేసి, ‘స్పానిష్, ఆరు నుంచి ఎనిమిది తరగతులు, ఆరేళ్లుగా’ అని రాసింది. అప్పుడు సంతకం పెట్టింది. కాగితం ఆయన చేతికివ్వకుండా తనే పట్టుకుని ల్యాబులోంచి బయటికి నడిచింది.

“ఓలమ్మో, ఎక్కడికే?” సత్యనారాయణ వరండా చివరిదాకా వచ్చి ఆగిపోయాడు.

అతిథుల గదిలో బృందం టీ తాగుతోంది. కోమల తలుపు తట్టి లోపలికెళ్లి, కాగితం పెద్దావిడ ముందు పెట్టింది. “మేడమ్, పొద్దున మీరు నేనెవరని అడిగారు. జవాబు వేరేవాళ్లు చెప్పారు. ఇది నా జవాబు.”

ఆవిడ చదివింది. గీతలు కొట్టిన చోట కాసేపు ఆగింది. ఆవిడకి అంతా అర్థమైందని కోమలకి ఆ ముఖంలోనే కనిపించింది. తర్వాత ఆవిడ కాగితాన్ని నెమ్మదిగా బల్ల మీద వెనక్కి జరిపింది.

“చూడమ్మా, స్కూలు ముద్ర వేసి ఇచ్చిన కాగితాలే మేం చూడగలం. దిద్దిన కాగితం తీసుకోకూడదు. నువ్వు విడిగా ఫిర్యాదు పంపుకో. దానికి వేరే విభాగం ఉంది.”

“మీరు విన్నారు కదా మేడమ్. ఆ పిల్ల అడిగింది, నేను చెప్పింది, మీరే విన్నారు.”

ఆవిడ టీ కప్పు తీసుకుంది.

తివారీ గదిలో సంభాషణ రెండు నిమిషాల్లో ముగిసింది. ఆయన అరవలేదు. అరిచే మనిషి కాదు. “నిన్నటిదాకా అటెండరు చీరలో చూసిన మనిషిని రేపు టీచరంటే తల్లిదండ్రులు ఏమనుకుంటారు కోమలాజీ? మీరే ఆలోచించండి. వచ్చే ఏడు చూద్దామనుకున్నాను. ఇప్పుడు మీరే చెడగొట్టుకున్నారు. మంచి కాగితం ఒకటి తయారు చేయిస్తాను, దాని మీద సంతకం పెట్టండి. పెట్టరా, రేపట్నుంచి రానక్కర్లేదు.”

“ఆరేళ్లు వాళ్ల పిల్లలకి చెప్పింది ఈ చీరేనండీ” అంది కోమల. “అప్పుడేమీ అనుకోలేదు కదా.”

ల్యాబు తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేసింది.

బుధ్‌వారీ బజార్ దగ్గర ఆటో దిగి ఇంటికి నడిచేసరికి వాన వెలిసింది. క్వార్టరు ముందు నీళ్లు నిలిచిన గుంటల్లో కాలనీ పిల్లలు కాగితం పడవలు వదులుతున్నారు. రమణబాబు అప్పటికే డ్యూటీ నుంచి వచ్చి, బనీనుతో గుమ్మంలో అక్క కోసం చూస్తూ నిలబడి ఉన్నాడు. తివారీ అతనికి ఫోను చేశాడు.

“ఏటి చేసినావప్పా? సార్ మంచిగానే మాట్లాడినాడు. రేపొచ్చి సంతకం పెడితే అయిపోద్ది అన్నాడు. ఒక్క సంతకం కదా, పెట్టీరాదా?”

“ఒకసారి పెట్టీసినాను గదరా బాబూ” అంది కోమల చెప్పులు విడుస్తూ. “నా సంతకంతో ఎంతమంది బతకాలి?”

రమణబాబు ముఖం పాలిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అతను లోపలికెళ్లి చొక్కా తొడుక్కుని బయటికి వెళ్లిపోయాడు.

అసిరమ్మ వంటగది గడప మీద కూర్చుని గోంగూర వలుస్తోంది. తలెత్తలేదు. కోమల ఎదురుగా కూర్చుని తనూ ఒక కట్ట అందుకుంది. ఇద్దరూ సగం కట్ట దాకా తుంచారు.

“ఏటని రాసున్నాది ఆ కాగితంలో?” అంది చివరికి అసిరమ్మ.

“నాను ఏటీ చదువుకోలేదని. ఎవలికీ ఏటీ చెప్పలేదని.”

“పెట్టలేదా?”

“పెట్టలేదు.”

అసిరమ్మ చేతిలోని కాడ పక్కన పడేసింది. అరవయ్యారేళ్ల ముసలిది. అక్షరం ముక్క రాదు, వేలిముద్రే. “అప్పుడు చోటు చూపించినాను కదే ఈ యేలితోటి” అంది. ఆ వేలిని చీర కొంగుతో తుడుచుకుంది, ఆకు పసరు పోవడానికో మరెందుకో. “నువ్వు పెడతావని తెలిసే చూపించినాను. వొద్దని అనవని తెలిసి. ఇయ్యాల వొద్దన్నావు. మంచి పని చేసినావు. రేపెల్లకు. ఆడు మళ్లీ ఫోను చేస్తే నాకియ్యి, నాను మాటాడతాను.”

కోమల నవ్వబోతే ఏడుపొచ్చింది. పొద్దున్నించీ ఎక్కడా రానిది అక్కడొచ్చింది. అసిరమ్మ ఓదార్చలేదు. గోంగూర పళ్లెం తన వైపు లాక్కుని, ఇద్దరి పనీ తనే చేసుకుపోయింది.

ఫిర్యాదు ఆ వారంలోనే పంపింది. నకళ్లు జతచేసి, రిజిస్టర్ పోస్టులో. అందినట్టు ఒక రసీదు వచ్చింది. అంతకుమించి ఏమీ రాలేదు.

పన్నెండో రోజున ఝాన్సీ ఫోను చేసింది. నాగపూర్‌లో ఆమె పనిచేసే స్కూల్లో స్పానిష్ టీచరు ఒకామె ప్రసూతి సెలవు మీద వెళ్తోంది. “ఆర్నెల్ల మాటనే కోమలా. తర్వాత ఏమైతదో నేను చెప్పలేను. ఒస్తవా?”

“రిజిస్టర్లో నన్నేమని రాస్తారు?”

“టీచరని రాస్తరు. ఇంకేమని రాస్తరే?”

“అచ్ఛా. అయితే వస్తాను.”

ఆ సోమవారం పొద్దున రమణబాబు డ్యూటీకి సెలవు పెట్టి, అక్క సంచులు మోసుకుంటూ స్టేషనుకి వచ్చాడు. బండి కదిలే ముందు కిటికీ ఊచలు పట్టుకుని, “అప్పా, నాకు అప్పుడు పదిహేడేళ్లే” అన్నాడు. కోమల అతని చేతి మీద చెయ్యి వేసింది. “నాకూ ఇరవయ్యేరా” అంది. అది క్షమించడమో కాదో ఇద్దరికీ తెలియలేదు. బండి కదిలింది. అసిరమ్మ ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని, చివరి పెట్టె మలుపు తిరిగేదాకా అటే చూసి, ఆ తర్వాత కొడుకుని టీ తెమ్మంది.

స్కూల్లో కొత్త అటెండరు కోసం ఇంకా వెతుకుతున్నారు. ఎనిమిదో తరగతికి మళ్లీ వీడియోలు వేస్తున్నారు. ఆ వారంలోనే ఒకరోజు ప్రొజెక్టరు తీగ కనపడక, శ్వేత ల్యాబులోని సొరుగులన్నీ లాగి వెతికింది. అన్నిటికన్నా కిందున్న సొరుగులో, పాడైన మౌసుల వెనక, రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట చేతికి తగిలింది. అయిపోయిన పెన్ను రీఫిళ్లు. యాభైకి పైనే ఉంటాయి. అవేమిటో, ఎవరు ఎందుకు దాచారో ఆమెకి బోధపడలేదు. పారెయ్యడానికి బుట్ట దాకా తీసుకెళ్లి, ఎందుకో ఆగి, వెనక్కి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టింది. మబ్బు పట్టిన వెలుతురులో ఆ గొట్టాలన్నీ గాజులా తేటగా, అటు నుంచి ఇటు కనిపించేంత ఖాళీగా ఉన్నాయి. ఒక్కో దాని మొనలో మాత్రం చీమ తలకాయంత నీలం.